రాత్రి రెండు గంటలకు

గత ఆదివారం సాయంత్రం మైపాడు దగ్గర మా అన్నయ్య రొయ్యల గుంటల గట్టుమీద కూర్చుని ఉండగా, మా మేనకోడలు ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. పదిహేడు వైద్య కళాశాలల పేర్లు, వరుస సంఖ్యలతో సహా. నీట్ పీజీలో తనకు వచ్చిన ర్యాంకుకు అనస్తీషియాలో ఎం.డి. సీటు దొరుకుతుంది. ఏ కళాశాలను ముందు పెట్టాలి, దేన్ని వెనక పెట్టాలి అన్నదే సమస్య.

"పెద్ద పేరుండేవి పైన రాసినా అత్తా. రాత్రి డ్యూటీలు తక్కువుండేవి ఆ తర్వాత."

అన్నయ్యకు అసలా శాఖే నచ్చలేదు. "కోసిన డాక్టరు పేరు జనం చెప్పుకుంటారు. మత్తిచ్చినోళ్ళ పేరు ఎవరికి తెలుసు మే?" అన్నాడు.

ఆయనన్నది నిజమే. ఇరవయ్యేళ్ళకు పైగా ఈ పని చేస్తున్నాను. నా పేరు గుర్తుంచుకున్న రోగులను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అయినా నేను ఈ చదువు కోరి ఎంచుకున్నాను. ఎం.బి.బి.ఎస్. ముగించి ఈ తీరంలోనే ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజులవి. ఒక అర్ధరాత్రి జాలరిపాళెం నుంచి, కాన్పు కష్టమైన ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. లోపల బిడ్డ గుండె చప్పుడు మందగిస్తోంది. ఆపరేషను చేయగల డాక్టరమ్మ ఉన్నారు, గది ఉంది, పనిముట్లు సిద్ధంగా ఉన్నాయి. వెన్నులో సూది వేసి మత్తు ఇవ్వగలవారు లేరు. నెల్లూరికి పంపించాము. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. చేయి తిరిగినవారికి అది పదినిమిషాల పని! ఆ కొరత ఎంతటిదంటే, అత్యవసర కాన్పుల కోసం మామూలు ఎం.బి.బి.ఎస్. డాక్టర్లకే 18 వారాల మత్తు శిక్షణ ఇచ్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం నడపవలసి వచ్చింది.

శాఖను అలా ఎంచుకున్నదాన్ని, కళాశాలను మాత్రం మా మేనకోడలిలాగే పేరు చూసి ఎంచుకున్నాను. నెల్లూరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2014లోగాని రాలేదు కనుక, మా తరంవారికి ఎలాగూ ఊరు వదలడం తప్పదు. వదిలేటప్పుడు పెద్ద పేరున్న చోటికే వెళ్దామనుకున్నాను. చేరిన మూడో నెలలో, రాత్రి రెండు గంటలకు, ఒక రోగికి కండరాలు సడలే మందు ఇచ్చాక శ్వాసనాళంలోకి గొట్టం దిగలేదు. మరోసారి ప్రయత్నించాను, దిగలేదు. పక్కన పెద్దలెవరూ లేరు. ఫోను చేస్తే వచ్చేసరికి అరగంట పడుతుంది; ఊపిరి అందని మెదడు అరగంట ఆగదు. ముఖానికి మాస్కు బిగించి పట్టుకుని, రెండో చేత్తో సంచిని నొక్కుతూ, మందు ప్రభావం తగ్గి అతడు తనంతట తాను ఊపిరి పీల్చేదాకా నిలబడ్డాను. అతడు లేచి మంచినీళ్ళు అడిగాడు. నేను వరండాలోకి వెళ్ళి ఏడ్చాను. మర్నాడు ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ మౌనమే నన్ను ఎక్కువగా భయపెట్టింది.

అందుకే మేనకోడలితో అన్నాను: "ఒక్కో కళాశాలలో రెండో సంవత్సరం చదువుతున్నవాళ్ళకు ఫోను చెయ్యి. రాత్రి రెండింటికి పక్కన ఎవరుంటారని అడుగు. పసిపిల్లలకు, గుండె జబ్బులవాళ్ళకు మత్తివ్వడం మీ చేత చేయిస్తారా, చూడమంటారా అని అడుగు. పురుగులమందు తాగినవాళ్ళూ, పాము కరిచినవాళ్ళూ వెంటిలేటరు మీద ఉండే ఐసీయూలో ఎన్ని నెలలు వేస్తారో అడుగు. చివరగా, పొరపాటు జరిగితే మర్నాడు దాన్ని గురించి అందరూ కూర్చుని మాట్లాడుకుంటారా అని అడుగు."

ఈ చివరి ప్రశ్నకు మన తెలుగునేలమీదే పాత కథ ఒకటుంది. 1888లోను, మళ్ళీ 1889లోను హైదరాబాదులో నిజాము ప్రోత్సాహంతో క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. వాటికి మూలపురుషుడైన ఎడ్వర్డ్ లారీ అక్కడి వైద్య పాఠశాలలో శిష్యులకు నేర్పిన సూత్రం ఒకటే: నాడి మీద కాదు, ఊపిరి మీద చూపు నిలపండి. ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ పాఠశాలలో చదివినవారే. ఊపిరిని గమనించమన్న పాఠం ఈనాటికీ శిరోధార్యం. అయితే క్లోరోఫాం గుండెను నేరుగా ఆపదన్న లారీ విశ్వాసం తప్పని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు నిరూపించాయి. గురువు ఎంత పెద్దవాడైనా, ఆయన మాటను ప్రశ్నించే చోటు లేకపోతే, ఆ తప్పుకు మూల్యం బల్లమీద పడుకున్నవాడు చెల్లిస్తాడు.

మేనకోడలు రెండు రోజులు ఫోన్ల మీదే ఉంది. ఒకచోట ఆ మొదటి ప్రశ్న విని నవ్వారట. మరోచోట, "మా మేడమ్ తిడుతుంది గానీ, పిలవకముందే వచ్చి నిలబడుతుంది" అన్నారట. కాగితంలో పైనున్న రెండు పేర్లు కిందికి దిగాయి. ఎక్కడో పదకొండోదిగా ఉన్న కళాశాల మొదటికి వచ్చింది.

కొత్త కాగితం చూసి అన్నయ్య చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత నెమ్మదిగా, "అంతా బాగానే ఉంది. చదువైనాక ఈ సముద్రం పక్కకి వస్తుందా, మళ్ళీ నెల్లూరులోనే ఉంటుందా?" అన్నాడు.

అడిగింది కూతురిని. అయితే, ఆ బిడ్డ కోసమే ఈ చదువు చదివానని చెప్పుకుంటూ, ఇరవయ్యేళ్ళుగా నెల్లూరు దాటి రానిదాన్ని నేను. మా మేనకోడలు నా వంక చూసింది. నేను సముద్రం వంక చూశాను.