పొలం పెట్టె

"కూరగాయలు బాగా తినండి." నా గదిలో ఇంతకన్నా చవకైన మాట లేదు. చెప్పడానికి నాకు ఖర్చు లేదు, తలూపడానికి వాళ్లకూ లేదు. షుగరున్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, కొలెస్ట్రాల్ రిపోర్టు పట్టుకుని కంగారుగా వచ్చినవాళ్లు అందరూ తలూపుతారు. ఆర్నెల్ల తర్వాత వస్తే అవే అంకెలు. నేను ప్రాక్టీసు చేసేది మసాచుసెట్స్‌లో, బోస్టన్‌కు పడమటి వైపు ఊళ్లో. రోగుల్లో తెలుగువాళ్లు తక్కువేం కాదు. సాఫ్ట్‌వేరు ఉద్యోగాల పిల్లలు, వాళ్ల దగ్గరికొచ్చి ఉండిపోయిన తల్లిదండ్రులు.

ఇక్కడ పొలం వాటా అని ఒక పద్ధతి ఉంది. చలికాలంలోనే రైతుకు సీజను మొత్తానికి డబ్బు కట్టేస్తారు. విత్తనాలకూ కూలీలకూ అదే పెట్టుబడి. జూన్ నుంచి అక్టోబరు దాకా వారం వారం ఏది పండితే అది ఒక పెట్టెలో పెట్టి ఇస్తారు. వానలు ముంచెత్తితే పెట్టె చిన్నదవుతుంది, ఆ నష్టంలోనూ మనకు వాటా ఉన్నట్టే. అమెరికాలో ఈ పద్ధతి 1986లో మా రాష్ట్రంలోని ఇండియన్ లైన్ ఫార్మ్‌లోనూ, పక్కనున్న న్యూ హాంప్‌షైర్‌లో టెంపుల్-విల్టన్ పొలంలోనూ మొదలైంది. పేర్లలో ఇండియనూ టెంపులూ ఉన్నా మనవాళ్ల ప్రమేయం ఏమీ లేదు.

నా మాట చేయలేని పని ఈ పెట్టె చేయడం కొన్ని ఇళ్లలో చూశాను. ఒక జంట, ఇద్దరూ పొద్దస్తమానం కంప్యూటర్ల ముందే. పొయ్యి మీదికి కాఫీ, నూడుల్స్ తప్ప మరొకటి ఎక్కేది కాదు. నలభై నిండకుండానే ఆయనకు షుగరు పరీక్షలో హెచ్‌బీఏ1సీ 8 దాటింది. ఆఫీసులో ఎవరో చెబితే వాటా కొన్నారు. దుకాణంలో ఆకుకూర కట్ట చూస్తే కడగాలి, ఏరాలి, తరగాలి అని గుర్తొచ్చి ముందుకు నడుస్తాం. పెట్టె అయితే తిన్నగా ఇంటికొచ్చి కూర్చుంటుంది, పైగా డబ్బు ముందే కట్టేశాం, పారేయాలంటే మనసొప్పదు. మొదట్లో సగం కుళ్లిపోయిందట. తర్వాత ఆ అమ్మాయి తెనాలిలో ఉన్న తల్లికి వీడియో కాల్ చేసి ఆకుపచ్చ గడ్డ ఒకటి చూపించింది. "నూల్‌కోలే గదే! శనగపప్పు వేసి కూర చెయ్యి. ఆకులు పారెయ్యకు, పప్పులో పడెయ్యి" అందట ఆవిడ. శరత్కాలానికి ఆయన హెచ్‌బీఏ1సీ 7 దగ్గరికి దిగింది. ఆ ఘనతంతా పెట్టెకు కట్టబెట్టను. మెట్‌ఫార్మిన్ మోతాదు నేను పెంచాను, ఆయన సాయంత్రాలు నడిచాడు. అయినా కంచంలో అన్నం తగ్గి కూర పెరిగిన మాట నిజం. మొక్కజొన్న పొత్తులూ బంగాళాదుంపలూ వచ్చిన వారాల్లో మాత్రం మీటరులో అంకెలు ఎగబాకాయి. పొలం నుంచి నేరుగా వచ్చినా పిండిపదార్థం పిండిపదార్థమే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇంకో ఇల్లు. పెద్దావిడది గుంటూరు జిల్లా. చిన్నతనంలో వచ్చిన కీళ్లవాత జ్వరం గుండెలో మైట్రల్ కవాటాన్ని పాడుచేస్తే, హైదరాబాదులో ఆపరేషన్ చేసి లోహపు కవాటం పెట్టారు. అలాంటి కవాటం మీద రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు వాడాలి. ఈమధ్య వచ్చిన కొత్త మాత్రలు ఈ కవాటాలకు పనికిరావు, పాత వార్ఫరిన్ ఒక్కటే దిక్కు. ఐఎన్‌ఆర్ అనే పరీక్షలో ఆమెకు 2.5కీ 3.5కీ మధ్య ఉండాలి. వసంతకాలమంతా 3 దగ్గర నిలకడగా ఉన్నది జూన్ చివర్లో 1.6 వచ్చింది. అంటే కవాటం మీద గడ్డ కట్టవచ్చు, అది మెదడుకు పోతే పక్షవాతం.

మాత్రలు మరిచిపోయిందేమోనని డబ్బా చూశాం. ఒక్కటీ తప్పలేదు. "ఏం తింటున్నారమ్మా?" అని అడిగాను. "ఏముంది డాక్టరమ్మా, అన్నం, పప్పు, మజ్జిగ." కోడలు ఫోను తీసి పెట్టె ఫొటోలు చూపించింది. కేల్, కొల్లార్డ్, చార్డ్, ముల్లంగి ఆకులు. కేల్ పెసరపప్పులోకి, కొల్లార్డ్ పులుసులోకి, మిగిలింది పచ్చడిలోకి. సాయంత్రం పకోడీల్లోనూ అదే.

వార్ఫరిన్ పనిచేసేది విటమిన్ కె మీద. రక్తం గడ్డకట్టే పదార్థాలు తయారు చేయడానికి కాలేయానికి ఆ విటమిన్ కావాలి. వాడిన విటమిన్ మళ్లీ వాడకానికి రాకుండా ఈ మందు అడ్డుపడుతుంది. ముదురాకుపచ్చ ఆకుల్లో ఆ విటమిన్ దండిగా ఉంటుంది. ఆపరేషన్ అయినప్పుడే ఆమెకు ఆకుకూరలు ముట్టుకోవద్దని చెప్పారు. ఏళ్ల తరబడి తోటకూర, గోంగూర మానేసి ఉంది. "ఇది మన తోటకూర కాదు గదా, ఇక్కడి ఆకు గదా అనుకున్నాను" అంది.

మానేయమని నేను చెప్పలేదు. మానిపించడం తేలికే, కానీ ఆకుకూర తినని ఒంట్లో విటమిన్ కె నిల్వలు అడుగంటి, అప్పుడప్పుడు తినే కాస్త ఆకుకే ఐఎన్‌ఆర్ ఊగిసలాడుతుంది. రోజుకు ఉడికిన ఆకు ఒక కప్పు, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు అని కోడలికి కొలత చెప్పాను. మందు కాస్త పెంచి, కుదురుకునేదాకా తరచుగా పరీక్ష పెట్టాం. కుదిరాక కూడా నా కన్ను నవంబరు మీదే ఉంది. పెట్టె ఆగిపోయాక ఆకు మానేసి మందు మాత్రం అదే మోతాదులో మింగితే రక్తస్రావం ప్రమాదం ఉంది.

ఈ మందు పుట్టుకే పొలంలో. 1920ల్లో అమెరికా ఉత్తరాన, కెనడాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తం ఆగక చచ్చిపోయేవి. 1933 ఫిబ్రవరిలో ఒక రైతు మంచు తుఫానులో పడి, చచ్చిన పెయ్యనూ, పాల క్యాను నిండా గడ్డకట్టని రక్తాన్నీ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి మోసుకొచ్చాడు. కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోంచే రక్తం గడ్డకట్టనివ్వని పదార్థాన్ని వేరు చేసింది, ఆ దారిలోనే వార్ఫరిన్ వచ్చింది. ఈ సంగతి చెబితే పెద్దావిడ పడీపడీ నవ్వింది: "గొడ్లను చంపిందే నన్ను బతికిస్తోందన్నమాట!"

మూత్రపిండాల్లో రాళ్లున్న ఇంకొకాయన ఇంట్లో లెక్క తిరగబడింది. ఆయనవి కాల్షియం ఆక్సలేటు రాళ్లు. భార్య చార్డ్‌నూ బీట్‌రూట్ ఆకులనూ పాలకూర లాగే వండేది. మూడింటిలోనూ ఆక్సలేటు చాలా ఎక్కువ, కేల్‌లో బాగా తక్కువ. ఒకింట్లో కొలిచి పెట్టమన్న ఆకునే ఇక్కడ ఎక్కువ తినమన్నాను. చార్డ్ తినాలనిపిస్తే ఉడికించి నీళ్లు వంపేయమన్నాను. ఆ మాటకు ఆమె మొహం చిన్నబోయింది, సారమంతా ఆ నీళ్లలోనే ఉందని మనవాళ్ల నమ్మకం గదా. రాళ్లు కాల్షియంవని ఆయన పెరుగు కూడా మానేశాడు. అది తిరిగి మొదలుపెట్టించాను. భోజనంలో పెరుగుంటే అందులోని కాల్షియం ఆక్సలేటును పేగులోనే పట్టి బయటికి పంపేస్తుంది.

రూబార్బ్ గురించి ఒక ముక్క. ఆ పుల్లటి కాడ పప్పులోకి భేషుగ్గా ఉంటుంది. ఆకు మాత్రం విషం. పొలంవాళ్లు ఆకు కోసేసే ఇస్తారు, పక్కింటివాళ్లు పెరట్లోంచి ప్రేమగా తెచ్చిచ్చినప్పుడే, గోంగూర అలవాటున్న చేతులతో భయం.

ఇన్ని ఇళ్లలోనూ కూర తరిగేది ఎవరో గమనించాను. చాలా చోట్ల అత్తగారో అమ్మో. విజిటర్ వీసాకు మామూలుగా ఇచ్చేది ఆరు నెలలు, పొలం సీజను ఇంచుమించు అంతే. ఆవిడ విమానం ఎక్కాక గుమ్మడికాయలు గట్టు మీదే ఉండిపోతాయి. షుగరు తగ్గిన రోగిని మెచ్చుకునేటప్పుడు ఆ మెప్పులో సగం ఎవరికి చెందాలో ఆయనకూ తెలుసు, ఒప్పుకోడు.

కొందరికి అసలు వంటిల్లే ఉండదు. ఆహార సాయం కార్డున్నవాళ్లు ఈ రాష్ట్రంలో 2017 నుంచి ఒక పథకం కింద పొలం వాటా కొనుక్కోవచ్చు, నెలకో పరిమితి దాకా ఆ డబ్బు కార్డులోకి తిరిగొస్తుంది. మంచి పథకం. నా దగ్గరికొచ్చిన ఒక చిన్న వయసు తల్లికి అదీ ఉంది, కానీ అప్పట్లో ఇల్లు లేనివాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన మోటెల్ గదిలో పిల్లలతో ఉండేది. మైక్రోవేవ్ తప్ప పొయ్యి ఉండేది కాదు. ఆమెకు కేల్ గుణగణాలు చెప్పి లాభమేముంది? దోసకాయలు, టమాటాలు, క్యారెట్లు, పచ్చిగా తినే బఠానీ కాయలు ఎంచుకోనిచ్చే పొలాన్ని మా సోషల్ వర్కర్ వెతికిపెట్టింది.

ఇప్పుడు కొత్త రోగులను పొయ్యి ఉందా, వండేదెవరు అని కూడా అడుగుతున్నాం. టైము పడుతుందని మా నర్సు సణుగుతుంది. వార్ఫరిన్ వాడేవాళ్లందరినీ జూన్ మూడో వారంలో ఒకసారి, నవంబరు రెండో వారంలో ఒకసారి అదనంగా పరీక్షకు రమ్మంటున్నాం. పొలం వాటా లేనివాళ్లనూ రమ్మనాల్సిందే. పెరట్లో తోటకూర చల్లుకున్నవాళ్లకు పెట్టెతో పనేముంది!