మెడలో గొట్టం, మొదటి వారం

నాకు గిలియన్ బారీ సిండ్రోమ్ వచ్చింది. కాళ్లలో మొదలైన తిమ్మిరి కొద్దిరోజుల్లోనే ఊపిరి దాకా పాకింది. నోట్లోంచి గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టారు. ఈ జబ్బులో ఒళ్లు చచ్చుబడుతుంది గానీ తెలివి పోదు. మత్తు తేలినప్పుడల్లా అన్నీ వినపడేవి.

రెండో వారంలో ట్రాకియాస్టమీ మాట వచ్చింది. నా మంచం పక్కనే నిలబడి డాక్టరుగారు మా ఆవిడకు చెప్పారు. ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు. మెడ ముందు నుంచి గాలిగొట్టంలోకి సూది గుచ్చి, సన్నతీగ దించి, దాని మీదుగా రంధ్రం వెడల్పు చేసి గొట్టం పెడతారు. కెమెరాతో లోపల చూస్తూనే చేస్తారు. అయినా రక్తం పోవచ్చు. సూది వెనక గోడకు తగలొచ్చు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరొచ్చు. అరుదుగా ప్రాణమే పోవచ్చు.

“పెడితే బతుకుతారా సార్?” అంది మా ఆవిడ.

“బతికించేది ఇది కాదమ్మా. నోట్లో గొట్టం బాధ తప్పుతుంది, మత్తు తగ్గించొచ్చు.”

ఆ మాట నిజమేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. 2013లో వెలువడిన బ్రిటన్ ట్రాక్‌మాన్ పరిశోధనలో 4 రోజుల్లోపే పెట్టినా, 10 రోజులు ఆగి చూసినా, నెల తిరిగేసరికి మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పక్క మంచం పెద్దాయనకైతే ప్లేట్‌లెట్లు పడిపోయాయి, ఆక్సిజన్ బాగా ఎక్కువ కావాల్సి వస్తోంది. అందుకే ఆయనకు మెడలో గొట్టం ఇప్పుడే వద్దన్నారు.

పెట్టినప్పటిది నాకేమీ గుర్తులేదు. గుర్తున్నది ఆ తర్వాతి రోజుల్లో ఒక రాత్రి. పక్కకు తిప్పుతుంటే గొట్టం ఊడింది. గాలి లేదు. అరుద్దామంటే గొంతు లేదు, చెయ్యి లేవదు. పక్కలోనే విరేచనమైంది. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

మొదటి వారంలో ఆ రంధ్రం దారిగా గట్టిపడి ఉండదు. గొట్టాన్ని మళ్లీ అందులోకే తోస్తే చర్మం కిందకు పోవచ్చు. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ తొయ్యలేదు. రంధ్రాన్ని గాజుగుడ్డతో మూయించింది. మొహానికి మాస్కు పెట్టి బ్యాగుతో గాలి కొట్టి, నోట్లోంచే మళ్లీ గొట్టం వేసింది. నేనున్నానంటే ఆవిడ వల్ల. నన్ను తుడిచి, దుప్పటి మార్చి, “ఏం కాదు బాబాయ్” అన్న ఆయమ్మ వల్ల కూడా.

మెడకు గొట్టం మళ్లీ పెట్టారు. నర్సు ఒకమ్మాయి అక్షరాల అట్ట తెచ్చి వరుసగా చదివేది. కావాల్సిన అక్షరం రాగానే నేను రెప్ప వేసేవాణ్ణి. అలా కూర్చిన మొదటి మాట, ‘లైటు ఆర్పొద్దు’.

నెలల తర్వాత గొట్టం తీశారు. మచ్చ మిగిలింది. ఊపిరి తీస్తుంటే కూత వస్తే గాలిగొట్టం సన్నబడుతోందేమో చూపించుకోమన్నారు. మెట్లెక్కేటప్పుడు భయంగా వింటుంటాను.

మీవాళ్లకు ఈ గొట్టం పెడితే మొదటి రాత్రే అడగండి. ఊడితే నోట్లోంచి గొట్టం వేయగలవాళ్లు రాత్రి ఉంటారా? బ్యాగు, మాస్కు, అదే సైజుదొకటి, చిన్నసైజుదొకటి గొట్టాలు మంచం దగ్గరే ఉన్నాయా?