మామగారి రివాల్వరు

మా యింట నొక రివాల్వరు గలదు. గృహిణులు చదువు పత్రికలో ఈ మాట వ్రాయుటకు మాకు కొంత సంకోచముగనే యున్నది. కాని ఇత్తడి బిందె మొదలు వెండి కుంకుమభరిణె వరకు ఇంటిలో మెరయవలసిన వస్తువు లన్నిటిని తోముట మన చేతిపనియే యైనపుడు, ఇది మాత్రము మన చేతికి రాకుండ నెట్లుండును? వచ్చినది. వచ్చి మా చేతనే చెడినది. ఆ సంగతి చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు.

ఆ రివాల్వరు మా మామగారి తండ్రిగారి నాటిది. బెల్జియము దేశమున లియేజ్ అను పట్టణము తుపాకుల పనికి తరతరములుగా పేరుపడినది. అచ్చటి పరీక్షాశాలవారు ప్రతి ఆయుధమును పేల్చి చూచి, నిలిచినదానిమీద ముద్ర వేయుదురు. మాదాని మీద గూడ, తూటాలుంచు చక్రముపైన, గ్రుడ్డు ఆకారపు గీతలో ఇ, ఎల్, జి అను మూడక్షరములును, వానిక్రింద చిన్న నక్షత్రమును గలవు. ఇది ఏనాడైనను పేలెనని మేము వినలేదు. మా మామగారు దానిని కొబ్బరితోటకు సయితము తీసికొనిపోయి యెరుగరు. ఏడాదికొకమారు, మహానవమినాడు ఆయుధపూజకు, భోషాణములోనుండి బయటికి తీసి పట్టుగుడ్డపై పెట్టెడివారు. మా అత్తగారు దానికి గంధము పూసి, కుంకుమబొట్టు పెట్టెడివారు. తెల్లవారిన పిమ్మట మరల భోషాణములోనికి పోయెడిది.

2021లో మామగారు కాలముచేసిరి. లైసెన్సు ఆయన పేర నుండెను. 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము, లైసెన్సుగల మనిషి పోయినచో ఆ ఆయుధమును ఇంట నుంచుకొనరాదు. పోలీసు ఠాణాయందు గాని, లైసెన్సుగల వర్తకుని యొద్ద గాని ఒప్పగింపవలెను. మావారు అట్లే ఠాణాలో ఒప్పగించి, తమ పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకొనిరి. అది వచ్చుటకు రెండేండ్లు పట్టెను. ఒప్పగించునపుడు మేమే తెలియక దానిని తోలు ఒరలో పెట్టి యిచ్చితిమి. వర్షములు, ఉక్క, సముద్రపు గాలి గల మా ప్రాంతమున తోలు తేమను పీల్చి పట్టుకొనును. తోలు పదును చేయుటకు వాడు సరుకులు లోహమునకు పడవు. రెండేండ్లకు ఇంటికి వచ్చి ఒర విప్పి చూచునప్పటికి, అద్దమువలె నుండిన వస్తువు ఆవిరిపట్టిన కిటికీవలె నుండెను. మీటదగ్గర గోధుమరంగు చుక్కలు. పిడిని బిగించిన ఇత్తడి మేకుచుట్టు పచ్చని చిలుము.

మా అత్తగారు దానిని చూచి ఏమియు ననలేదు. ఆ రాత్రి భోజనము మాత్రము సరిగా చేయలేదు.

దసరా పదునైదు దినములలో వచ్చుచున్నది. పండుగనాటికి దీనిని మునుపటివలె మెరపించి ఆమె యెదుట పెట్టవలెనని మాకు పంతము పుట్టెను. మావారు తూటాలు మొదలే వేరుగా ఇనుపపెట్టెలో పెట్టి తాళము వేసి యుంచిరి. అయినను చక్రము ప్రక్కకు త్రిప్పి, ఐదు గదులును ఖాళీగా నున్నవని తాము చూచి, మాకు చూపి, అటుపై గొట్టమునుగూడ వెలుతురుకెత్తి చూపిన పిదపనే మా చేతికిచ్చిరి. ఆయన ఎదుటనే కూర్చుండిరి. ఇంట పిల్లలున్నవారు ఈ పని ఒకటికి రెండుమారులు చేసినను తప్పులేదు. ఖాళీగా నున్నదనుకొన్న తుపాకులే లోకములో పెక్కు కొంపలు ముంచినవి.

ఇక మా తెలివి చూడుడు. మెరుపు పోయిన లోహమనగా మాకు తెలిసిన మందొక్కటే: చింతపండు, ఉప్పు, కచ్చికల బూడిద. మా అమ్మ నేర్పినదదియే. చింతపండు గుజ్జులో ఉప్పు కలిపి రివాల్వరునకు పట్టించి, పావుగంట నానబెట్టి, బూడిదయద్దిన కొబ్బరిపీచుతో రుద్దితిమి. మబ్బు విడినది. మెరుపు వచ్చినది. మావారు సయితము మెచ్చుకొనిరి. నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, సంతోషముతో నిద్రపోయితిమి.

మరునాటి యుదయమున చూడగా గొట్టము పొడవునను సన్నని ఎర్రచుక్కలు, పొక్కులవలె. కొనదగ్గర మినపగింజంత మేర మలాము పెచ్చుగా లేచిపోయి, లోని ఉక్కు బూడిదరంగున కనబడుచుండెను. మా గుండె జారిపోయెను. వెంటనే దానిని పట్టుగుడ్డలో చుట్టి, అత్తగారికి కనబడకుండ బీరువా లోపలి అరలో దాచితిమి. నలుబదియేండ్లు దాటిన మేము కుండ పగులగొట్టిన పిల్లవలె దాచితిమని వ్రాయుటకు సిగ్గుగా నున్నను, జరిగినదదియే.

మావారు వాకబుచేసి, తుపాకులు బాగుచేయు లైసెన్సుగల ఒక వృద్ధుడైన సాయిబుగారి దుకాణమునకు దానిని తీసికొనిపోగా మేమును వెంటబోయితిమి. ఆయన కండ్లజోడు నొసటిమీదికెత్తి, భూతద్దముతో చాలసేపు చూచెను. చూచి, "అమ్మగారూ, చింతపండా, నిమ్మకాయా?" అని యడిగెను. మేము తల వంచుకొని చింతపండే యంటిమి. "ఉప్పుకూడనా?" అనెను. ఔనంటిమి. ఆయన నవ్వలేదు. ఆ మర్యాదకు మే మిప్పటికిని కృతజ్ఞులము.

తరువాత ఆయన చెప్పినది మాకు పాఠమువలె నుండెను. ఇత్తడి బిందె లోపలికిని వెలుపలికిని ఇత్తడియే. పైపొర కొంచెము పోయినను క్రింద మరల ఇత్తడియే యుండును. ఇది యట్లు కాదు. లోపల ఉక్కు, పైన కంటికి కనబడనంత పలుచని నికెలు మలాము. కళాయి వేసిన గిన్నెను ఎవరైన ఇసుకతో తోముదురా? ఇదియు నట్టిదే. పైగా ఈ మలాములో సూదిమొన కన్నను సన్నని రంధ్రములుండును. పులుసును, ఉప్పును ఆ దారిని లోపలికి దిగి ఉక్కును పట్టుకొనును. అప్పుడు పైనున్న నికెలు ఉక్కును కాపాడదు సరికదా, తేమ సోకినచోట ఆ ఉక్కు మరింత త్వరగా తుప్పుపట్టునట్లు చేయును. రేకు బకెట్లకు పూయు తుత్తునాగము తాను చెడి ఇనుమును కాచును. నికెలుకు ఆ గుణము లేదు. అందుచేత మలాము ఎక్కడను తెగకుండ నున్నంతవరకే దాని కాపుదల. లోపల పుట్టిన తుప్పు ఉబ్బి పైపొరను లేపును. పీచుతో రుద్దినప్పుడు అట్లు లేచియున్న పెచ్చే ఊడివచ్చినది.

"మీ చేత ఊడినది గాని, ఒరలో నున్నప్పుడే సగము లేచియుండును" అని ఆయన మమ్ము కొంత ఊరడించెను.

నికెలును గురించి ఇంటికి వచ్చి మేమును కొంత చదివితిమి. 1751లో స్వీడనుదేశపు క్రోన్‌స్టెట్ అను శాస్త్రజ్ఞుడు దీనిని వేరుపరచెను. గనిపనివారు రాగి వచ్చుననుకొని రాతిని కరగింప రాగి రాకపోవుటచే, ఏదో దయ్యము పట్టినదని తిట్టిన తిట్టునుండియే దాని పేరు పుట్టినదట. 1869లో అమెరికాలో ఐజాక్ ఆడమ్స్ అనువాడు నికెలు మలాము పద్ధతికి పేటెంటు పొందిన పిమ్మట అది అన్ని వస్తువులకును ప్రాకెను: సైకిలు పిడులకు, పెట్రోమాక్సు దీపములకు, కుట్టుమిషను చక్రములకు. క్రోమియము మలాము వాడుకలోనికి వచ్చినది 1920 దాటిన తరువాతనే. ఈ రెంటికిని భేదము కంటితోనే తెలియును. క్రోమియము నీలిచాయగల తెలుపు. నికెలు పేరిన నేతివలె రవంత పసుపుచాయ గలది. గంధకపు పొగయు తేమయు గల గాలిలో నికెలు మీద మబ్బుపొర పట్టును. చెవులకు చౌకరకపు కమ్మలు పెట్టుకొని తమ్మెలు దురదపుట్టి పుండ్లుపడిన సోదరీమణులకు ఈ లోహము మరియొక విధముగ పరిచితమే. పెక్కుమారులు ఆ దురదకు కారణ మిదియే.

సాయిబుగారు మబ్బును వదిలించిన తీరు మేము ప్రక్కను నిలుచుండి చూచితిమి. మొదట గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డతో మిగిలిన ఉప్పును తుడిచి, వెంటనే ఆరబెట్టెను. ఎర్రచుక్కలకు పలుచని ఖనిజపు నూనె పట్టించి రెండుదినము లుంచుమనెను. కుట్టుమిషనుకు వాడు నూనెయైనను చాలును. కొబ్బరినూనె మాత్రము కూడదు. రెండుదినముల తరువాత చుక్కలను వెదురుపుల్ల కొనతో మెల్లగా గోకి తీసెను. ఇనుపపీచు, గరుకుకాగితము చేతబట్టనేలేదు. మిగిలిన మబ్బునకు మెత్తని సీమసుద్దపొడి నూనెలో కలిపి, పాత మల్లుగుడ్డతో, గొట్టము పొడవు వెంబడి మాత్రమే, మూడు నాలుగు తడవలు తేలికగా రాచెను. గుడ్డ నల్లబారెను. "చూచితిరా, ఈ నలుపులో మురికి మాత్రమే లేదు, రవంత మలామును గలదు. ప్రతిసారియు కొంత పోవును. కాబట్టి ఏడాదికొకమారు మెరుగుపెట్టుట దానిని చంపుట" అనెను. అద్దమువలె రాకమునుపే ఆపివేసెను. మాకది కొంచెము అసంతృప్తిగనే యుండెను.

ఆయన చెప్పిన మరియొక సంగతి. కొన్ని రివాల్వర్లకు నికెలు క్రింద రాగిపూత యుండును. తుపాకీగొట్టములు శుద్ధిచేయు కొన్ని ద్రవములలో అమ్మోనియా కలియును. అది రాగిని తినివేయును. మలాము తెగినచోటునుండి లోపలికి పాకి, నికెలును పొరలు పొరలుగా లేపును. మాదానికి రాగి లేదు, పెచ్చూడినచోట ఎరుపు కనబడలేదు గనుక. క్రొత్తగా మలాము వేయింతుమా యని మావారడుగగా ఆయన వలదనెను. వేయవలెనన్నచో ఉన్నదంతయు తీసివేసి ఉక్కును సానపట్టవలెను. లియేజ్ ముద్రలన్నియు అరగిపోవును.

అప్పుడే ఆయన భూతద్దమును మా చేతికిచ్చి, చక్రమునకు పైభాగమున ఒకచోట చూపెను. గురివిందగింజంత గుండ్రముగ, సూదిమొనలతో పొడిచినట్లు సన్నని గుంటలు. "ఇక్కడ ఏమి పెట్టుచుండిరి? ఏటేటా ఏదో తడి నిలిచినది" అని యడిగెను. మాకు తోచలేదు. మావారు మాత్రము కొంతసేపటికి, "అమ్మ పెట్టు బొట్టు" అనిరి. పసుపులో సున్నపు పాలు చేరినగాని కుంకుమ ఎర్రబడదు. అట్టిదానిని తడిగంధముమీద అద్ది రాత్రియంతయు ఉంచుట, అట్లే నలుబదియైదు దసరాలు. సాయిబుగారు, "ఇంకొంచెము సానపట్టినచో ఇవి పోవును, కాని అక్కడ మలాము చాల పలుచబడును. చేయమందురా?" అనెను. అడిగి చెప్పెదమని వచ్చితిమి.

అడుగవలెనన్న అంతయు చెప్పవలెను. ఆ సాయంకాలము అత్తగారు పెరటి అరుగుమీద కూర్చుండి దీపపు వత్తులు చేయుచుండగా, పట్టుగుడ్డ విప్పి ఆమె ముందు పెట్టి, చింతపండు కథయంతయు దాచకుండ చెప్పితిమి. ఆమెకు చూపు తక్కువ. వ్రేలితో గొట్టము తడిమి, పెచ్చూడినచోట ఆగెను.

"కళాయిగిన్నె నెట్లు తోమవలెనో నీకు నేర్పలేదా, అమ్మాయీ?" అనెను.

"నేర్పితిరి, అత్తయ్యా. ఇది కళాయివంటిదని తోచలేదు."

"నన్నడిగినచో చెప్పనా?" అని, కొంతసేపు మాటాడక, "అడుగరు. ఎవరు నడుగరు" అనెను. మామగారు పోయిన పిదప ఇంటి సంగతులేవియు ఆమెను అడిగినవారము కామని మాకప్పుడు తెలిసెను. లైసెన్సుకు దరఖాస్తు పెట్టునపుడు సయితము, ఈ వస్తువు ఇంట నుండవలెనా వలదా యని ఆమెను అడుగలేదు. ఆ మాట పైకి అనలేకపోయితిమి, అనవలసినది.

అటుపై ఆమె చేయిపట్టి బొట్టు గుంటలమీద పెట్టి, సాయిబుగారి ప్రశ్న వినిపించితిమి. ఆమె బొటనవ్రేలు అక్కడనే చాలసేపుండెను.

"సాన పెట్టించవద్దు. ఉండనీ" అనెను.

ఇప్పుడు ఆ రివాల్వరునకు తోలు ఒర లేదు. మైనపు లేపనము పలుచగా పట్టించి, మెత్తని గుడ్డతో తుడిచి, నూలుగుడ్డలో చుట్టి, తాళముగల పెట్టెలో తేమను పీల్చు సిలికా జెల్ పొట్లములతో నుంచుచున్నాము. ఈ రకపు మైనము 1950ల దశకమున బ్రిటిషు మ్యూజియమువారి ప్రయోగశాలలో పుట్టినది. ప్రదర్శనశాలలలో లోహవస్తువులకు దీనిని వాడుదురు. పొట్లములు వర్షాకాలము ముగియగనే మార్చవలెను. పట్టుకొన్నప్పుడెల్ల చేతిచెమట తుడిచివేయవలెను. వ్రేలిముద్రలే తుప్పుకు విత్తనములు. పెచ్చూడినచోట నెలకొకమారు చుక్క నూనె. ఇంతకుమించి చేయవలసినది లేదు. ఇంతకన్న మా వెండి భరిణెయే ఎక్కువ పని పెట్టుచున్నది.

దసరానాడు పట్టుగుడ్డ పరచి, దానిపై రివాల్వరుంచి, ప్రక్కను తమలపాకు వేసి, గంధమును కుంకుమయు ఆ ఆకుమీదనే పెట్టితిమి. అత్తగారు గుమ్మముదగ్గర పీటవేసికొని కూర్చుండి చూచుచుండిరి. గంధము మరీ పలుచగా తీసితిమనియు, వచ్చే యేడు తామే తీసి యిత్తుననియు అనిరి.