ఎర్రగీత మాస్టారు

34 ఏళ్లు పిల్లల కాగితాల మీద ఎర్రసిరాతో గీతలు గీసిన చెయ్యి అది. ఇప్పుడు ఆ చేతి రాతల కిందే కంప్యూటరు ఎర్రగీతలు గీస్తోంది. పైగా గీయాల్సిన చోట గీయకుండా వదిలేస్తోంది. అసలు గొడవంతా అక్కడే మొదలైంది!

తెనాలిలో ఆ ఇల్లు కనుక్కోవడానికి డోరు నంబరు అక్కర్లేదు. 'ఇంగ్లిషు మాస్టారి ఇల్లెక్కడ?' అంటే రిక్షావాళ్లు కూడా చెబుతారు. ఆయన హైస్కూల్లో ఇంగ్లిషు చెప్పి రిటైరై తొమ్మిదేళ్లు దాటింది. స్పెల్లింగు తప్పితే మాస్టారు బెత్తం తీసేవారు కాదు. ఆ పదాన్ని పదిసార్లు రాయించేవారు. ఆయన దగ్గర చదివినవాళ్లలో ఎక్కువమంది పదిసార్లు రాసిన పదం ఒకటుంది... 'రిసీవ్'. 'సి' పక్కన ముందు 'ఇ' రావాలి, ఆ తర్వాతే 'ఐ'. ఈ సూత్రాన్ని ఆయన ఎన్ని వందల మందికి నూరిపోశారో లెక్కలేదు.

ఓ ఉదయం బెంగళూరు నుంచి పాత శిష్యుడి ఈమెయిల్ వచ్చింది. పలకరింపులన్నీ అయ్యాక చివర్లో ఓ మాట. 'మాస్టారూ, చిన్నప్పుడు నాతో పదిసార్లు రాయించిన పదం మీ ఉత్తరంలోనే తారుమారైంది. మీ శిష్యుణ్ని కదా, చూసి ఊరుకోలేకపోయాను. ఏమీ అనుకోకండేం!'

మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. నిజమే. 'ఐ' ముందుకొచ్చింది, 'ఇ' వెనక్కెళ్లింది. పంపిన మెయిళ్లు తిరగేస్తే మరో నాలుగింటిలోనూ అదే తప్పు. ఒకటి పెన్షన్ ఆఫీసుకి, ఒకటి అమెరికాలో ఉన్న కొడుక్కి...

నవ్వేసి ఊరుకోవాల్సిన విషయమే. కానీ మాస్టారికి నవ్వు రాలేదు. వాళ్ల అన్నగారు చివరి రోజుల్లో ఒక్కో మాటే మర్చిపోతూ వచ్చారు. మొదట ఊళ్ల పేర్లు, తర్వాత వస్తువుల పేర్లు, ఆఖరికి తమ్ముడి పేరు. అది కళ్లారా చూసిన మనిషి ఈయన. 'నాకూ మొదలైందా?' అన్న అనుమానం గుండెల్లో ముల్లులా దిగింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి మెయిల్ రాయడం మానేశారు. ఎవరడిగినా 'ఫోన్ చేస్తాలే' అనేవారు.

తప్పించుకోలేని ఉత్తరం

రిటైరయ్యాక కూడా మాస్టారు సాయంత్రాలు అరుగు మీద పాఠాలు చెబుతూనే ఉన్నారు, ఉచితంగా. అలా చదువుకున్న ఓ టైలరు కూతురు ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. ఊరికి దూరంగా ఉన్న ఓ యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టుకుంది. స్కాలర్‌షిప్ వస్తేనే చదువు, లేకపోతే లేదు. పాఠం చెప్పిన గురువు నేరుగా ఈమెయిల్లో సిఫారసు లేఖ పంపాలట.

'రేపు రాత్రి 12 గంటల వరకే టైముంది మాస్టారూ' అందా అమ్మాయి గుమ్మంలో నిలబడి. మాస్టారు తల ఊపారు. లోపలికెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నారు. గంటైనా ఒక్క వాక్యం కదల్లేదు.

అదృష్టవశాత్తూ దసరా సెలవులకి మనవరాలు ఇంట్లోనే ఉంది. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతోంది.

'ఏంటి తాతయ్యా, తెర వంక అలా చూస్తూ కూర్చున్నావ్?'

మొదట ఏదో చెప్పి తప్పించుకోబోయారు. తర్వాత అన్నగారి సంగతితో సహా అంతా చెప్పేశారు. ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. ఓ తెల్లకాగితం, పెన్ను ఇచ్చింది. 'ఆ పదం రాయి తాతయ్యా.' రాశారు. సరిగ్గా వచ్చింది. 'ఇంకో పదిసార్లు రాయి.' పదిసార్లూ సరిగ్గానే వచ్చింది!

'చూశావా? మర్చిపోయింది నువ్వు కాదు. నీ వేళ్లు తొందరపడుతున్నాయంతే. సరే, ఆ పదం కింద ఎర్రగీత ఎందుకు రాలేదో చూద్దాం పద.'

వేళ్లు తొందరపడటం కొత్త విషయమేమీ కాదు. 1964లో ఫ్రెడ్ డామెరో అనే పరిశోధకుడు అక్షర దోషాలను పరిశీలించి ఓ సంగతి తేల్చాడు. అందులో 80 శాతానికి పైగా నాలుగు రకాలే. ఒక అక్షరం ఎక్కువ పడటం, ఒకటి తక్కువ కావడం, ఒకదానికి బదులు మరొకటి రావడం, పక్కపక్క అక్షరాలు తారుమారవడం. మాస్టారిది నాలుగో రకం. 1971లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో రాల్ఫ్ గోరిన్ రూపొందించిన 'స్పెల్' ప్రోగ్రామ్ ఈ లెక్కతోనే సరైన పదాన్ని సూచించేది. నేటి స్పెల్‌చెక్‌లకు అదే పెద్దన్నయ్య.

గీత ఎందుకు రాలేదు?

మాస్టారు వాడేది అవుట్‌లుక్, పాత తరహాది. మనవరాలు కాసేపు అటూ ఇటూ తిప్పేసరికి ఒకటి కాదు, నాలుగు లోపాలు బయటపడ్డాయి.

మొదటిది తేలికే. మెయిల్ పంపేముందు ఓసారి సరిచూసే ఏర్పాటు ఆఫ్‌లో ఉంది. 'ఫైల్'లో 'ఆప్షన్స్', అందులో 'మెయిల్'. అక్కడ 'ఆల్వేస్ చెక్ స్పెల్లింగ్ బిఫోర్ సెండింగ్' అన్న గడిలో టిక్కు పెట్టింది. ఇక 'సెండ్' నొక్కగానే తప్పులేమైనా ఉంటే ముందు అవి చూపిస్తుంది. మధ్యలో కావాలనుకుంటే 'ఎఫ్7' మీట నొక్కినా చాలు.

రెండోది పెద్దక్షరాల తంటా. మాస్టారు శీర్షికలన్నీ క్యాపిటల్ లెటర్స్‌లో కొడతారు. పాత లేఖల్లో 'రికమండేషన్'కి రెండు 'ఎమ్'లు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. అయినా గీత లేదు. అన్నీ పెద్దక్షరాలైతే సంక్షిప్త నామమేమో అనుకుని అవుట్‌లుక్ ఆ పదాన్ని పట్టించుకోదు మరి. 'మెయిల్' ఆప్షన్స్‌లోనే 'స్పెల్లింగ్ అండ్ ఆటోకరెక్ట్', అందులో 'ప్రూఫింగ్'. అక్కడ 'ఇగ్నోర్ వర్డ్స్ ఇన్ అప్పర్‌కేస్' దగ్గర టిక్కు తీసేసింది.

మూడోది కాపీ కొట్టడం వల్ల వచ్చింది. మాస్టారు పాత ఫైళ్ల నుంచి పేరాలు తెచ్చి అతికిస్తారు. వాటిలో కొన్నిటికి 'స్పెల్లింగు చూడొద్దు' అన్న గుర్తు అప్పటికే తగిలించి ఉంది. పేరాతో పాటు ఆ గుర్తూ వచ్చేసింది. ఉత్తరమంతా సెలెక్ట్ చేసి, 'రివ్యూ'లో 'లాంగ్వేజ్', 'సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్' తెరిచింది. 'డు నాట్ చెక్ స్పెల్లింగ్ ఆర్ గ్రామర్' గడి ఖాళీ చేసి, భాషగా 'ఇంగ్లిష్ ఇండియా' ఎంచింది.

మూడూ అయ్యాయి. అయినా ఆ 'రిసీవ్' కింద మాత్రం గీత రాలేదు!

'తాతయ్యా, ఎర్రగీతలు కనబడితే నువ్వేం చేస్తావ్?'

'మన పేర్లన్నిటికీ గీతలు పెడుతుంది కదమ్మా. సుబ్బారావు తప్పు, వెంకటలక్ష్మి తప్పు... చిరాకేసి కుడి బటన్ నొక్కి, యాడ్ టు డిక్షనరీ అంటాను. పోతుంది.'

దొంగ దొరికాడు. 'కస్టమ్ డిక్షనరీస్'లో 'ఎడిట్ వర్డ్ లిస్ట్' తెరిస్తే మాస్టారు చేర్చిన పేర్ల చిట్టా అంతా ఉంది. బంధువులు, శిష్యులు, ఊళ్లు. వాళ్ల మధ్య బుద్ధిమంతుడిలా కూర్చుని ఉంది తారుమారైన 'రిసీవ్'. ఎప్పుడో చెయ్యి జారి దాన్నీ చేర్చేశారు. ఇంకేముంది, అప్పటి నుంచి కంప్యూటరు దృష్టిలో అది ఒప్పే! గురువుగారు ఒప్పన్నదాన్ని తప్పనే ధైర్యం శిష్యుడికెక్కడిది?

'డిలీట్' నొక్కారు. ఆ పదం మళ్లీ కొట్టి చూశారు. కింద వంకరటింకరగా ఎర్రగీత మెరిసింది. 34 ఏళ్లు ఎర్రగీతలు పెట్టిన మనిషి, తన పదం కింద గీత చూసి అంతగా సంతోషించడం అదే మొదటిసారి.

జీమెయిల్ వాడేవాళ్లకు ఇన్ని మెలికలు లేవు. 'సెట్టింగ్స్'లో 'జనరల్' కింద స్పెల్లింగ్ సూచనలను ఆన్ చేస్తే సరి. థండర్‌బర్డ్‌లో అయితే 'సెట్టింగ్స్'లో 'కంపోజిషన్' చూడాలి. టైపు చేస్తుండగానే చూడమనీ, పంపేముందు చూడమనీ అక్కడ రెండు గడులుంటాయి. ఏ భాష నిఘంటువు ఎంచుకున్నారన్నది కూడా చూసుకోవాలి. అమెరికా ఇంగ్లిషు ఉంటే మనం బళ్లో నేర్చుకున్న 'కలర్'లో 'యు'ని కూడా తప్పంటుంది.

గీత లేదంటే ఒప్పనేనా?

రాత్రి ఎనిమిదికి ఉత్తరం పూర్తయింది. తెర మీద ఒక్క గీత లేదు. 'ఇక పంపేద్దామా?' అన్నారు మాస్టారు.

'ఆగు తాతయ్యా. పోయినేడాది బ్యాంకుకి రాసిన మెయిల్ చూశాను. బ్రాంచి మేనేజరు గారిని ఏమని సంబోధించావో తెలుసా?' మేనేజర్‌లో రెండో 'ఎ' ఎగిరిపోయింది. మిగిలిన పదానికి అర్థం... పశువులకు మేత వేసే గాడి! అదీ ఇంగ్లిషు మాటే కాబట్టి గీత పడలేదు. మాస్టారు ఆపుకోలేక నవ్వారు. చాలా రోజుల తర్వాత నవ్విన నవ్వది.

స్పెల్‌చెక్ ప్రధానంగా చూసేది ఆ పదం తన జాబితాలో ఉందా లేదా అనే. ఇప్పటి ప్రోగ్రామ్‌లు పక్క పదాలను కూడా చూసి కొన్ని తప్పులు పట్టేస్తున్నాయి గానీ, అన్నిటినీ కాదు. అది సూచించిందని గుడ్డిగా ఒప్పుకున్నా ముప్పే. ఒకప్పటి నిఘంటువుల్లో 'కోఆపరేషన్' అనే పదం మధ్యలో గీతతో మాత్రమే ఉండేది. గీత లేకుండా కొడితే కాలిఫోర్నియాలోని 'కుపర్టినో' ఊరి పేరు సూచించేది. అలా ఐక్యరాజ్యసమితి, నాటో, ఐరోపా సమాఖ్య పత్రాల్లో దేశాల మధ్య 'సహకారం' కాస్తా 'కుపర్టినో' అయి కూర్చుంది. ఇలాంటి పొరపాట్లకు 'కుపర్టినో ఎఫెక్ట్' అన్న పేరే స్థిరపడింది.

అందుకే మనవరాలు పాతకాలపు పద్ధతి పెట్టింది. పత్రికాఫీసుల్లో ఒకరు పైకి చదువుతుంటే మరొకరు ప్రూఫు దిద్దేవారు కదా, అలా. ఆమె తెర మీద ఉన్నది ఉన్నట్టు చదివింది. మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు. మూడో పేరాలో 'ఆ అమ్మాయి పేద కుటుంబం నుంచి వచ్చింది' అన్న వాక్యం దగ్గర చెయ్యెత్తారు. 'ఫ్రమ్' ఉండాల్సిన చోట 'ఫామ్' వినిపించింది. 'ఆర్', 'ఓ' తారుమారు! ఆ రెండు అక్షరాలూ సర్దారు. రాత్రి పదిన్నరకి ఉత్తరం వెళ్లింది.

పంపేముందు కంప్యూటరు ఒక్కచోట అభ్యంతరం చెప్పింది, ఆ అమ్మాయి పేరు దగ్గర. మాస్టారు ఒక్కో అక్షరం సరిచూసుకున్నారు. అప్పుడు 'యాడ్ టు డిక్షనరీ' నొక్కారు. స్కూల్లో చేరే పిల్లల పేర్లు అడ్మిషన్ రిజిస్టర్లో రాసేటప్పుడు ఆయన చూపిన శ్రద్ధే అది.

నెల తర్వాత మెయిల్ వచ్చింది. స్కాలర్‌షిప్ వచ్చిందట. 'మీ ఉత్తరం వాళ్లకి బాగా నచ్చిందట మాస్టారూ. సీటు ఇస్తున్నట్లు లెటర్ ఈరోజే రిసీవ్ చేసుకున్నాను' అని ఇంగ్లిషులో రాసిందా అమ్మాయి. మాస్టారు ఆనందంగా చదువుతూ, చివరి వాక్యం దగ్గర ఆగిపోయారు. 'ఐ' ముందుంది, 'ఇ' వెనకుంది.

మనకొచ్చిన ఉత్తరాల్లో తప్పులకి స్పెల్‌చెక్ గీతలు పెట్టదు. అది చూసేది మనం రాసేవి మాత్రమే. తప్పు పట్టుకున్నది మాస్టారి కన్నే! అన్నగారు గుర్తొచ్చిన ప్రతిసారీ గుచ్చుకుంటున్న ముల్లు ఆ క్షణాన తీసేసినట్లయింది. వెంటనే జవాబు రాశారు.

'చాలా సంతోషం తల్లీ. బాగా చదువుకో. ముందు మాత్రం ఆ పదం పదిసార్లు రాసి పంపు!'