వీసా అక్కర్లేని అంగారక యాత్ర

చదివిన పుస్తకాలు రెండు రకాలు. నలుగురికీ చెప్పుకునేవి, చెప్పుకోనివి. గ్రహాంతరవాసులు, మరమనుషులు, మెరుపు తుపాకులు ఉండే పాత చవక నవలలు రెండో రకం. చేవెళ్లకు చెందిన ఓ రిటైర్డ్ సైన్స్ మాస్టారికి అవంటే ప్రాణం. ‘ఈ వయసుల ఇవేం పుస్తకాలు నాయినా?’ అంటుంది కూతురు. ఆయన నవ్వేసి ఊరుకుంటారు.

ఆదివారం వస్తే మెహిదీపట్నం బస్సెక్కుతారు. ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరిచే రోజది. మర్రిచెట్ల నీడలో బస్సు మొయినాబాద్ మీదుగా సాగుతుంటే, చిలుకూరు బాలాజీ దర్శనానికి వెళ్లేవాళ్లు దారిలో దిగిపోతారు. వీసా కోసం మొక్కుకుని 11 ప్రదక్షిణలు, కోరిక తీరితే 108! మాస్టారికి ఆ చిక్కు లేదు. అట్ట ఊడిన నవల ఒకటి దొరికితే చాలు, అంగారకుడి మీద దిగిపోతారు.

ఈ కథలకు ప్రత్యేకంగా ఓ పత్రిక పుట్టింది 1926 ఏప్రిల్‌లో. అమెరికాలో హ్యూగో గెర్న్స్‌బాక్ ప్రారంభించిన ‘అమేజింగ్ స్టోరీస్’ అది. చవకరకం కలపగుజ్జు కాగితం మీద వచ్చే పత్రికలకు ‘పల్ప్’ అని పేరు. మన దగ్గర కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో ఏలిన అద్దె పుస్తకాల షాపుల్లోనే యండమూరి ‘చీకట్లో సూర్యుడు’ లాంటి సైన్స్ నవలలూ దొరికేవి.

వీటిలో సైన్స్ తప్పుల తడక కాదా? నిజమే. 1898లో వెల్స్ నవలలో అంగారకులు భూమి మీదికి దండెత్తి వచ్చారు. 1965లో మారినర్-4 ఫొటోలు తీస్తే అక్కడ కనిపించింది గుంతలు పడిన బంజరు నేల. కానీ 1865లోనే జూల్ వెర్న్ ముగ్గురిని ఫ్లోరిడా నుంచి చంద్రుడి వైపు పంపాడు. 1969లో అపోలో-11 బయల్దేరిందీ అక్కడి నుంచే, ముగ్గురితోనే!

వెర్న్ వాళ్లను పంపింది మాత్రం ఫిరంగి గుండులో. ‘ఆ కుదుపుకి లోపలి మనుషులు బతుకుతారా?’ అని మాస్టారు క్లాసులో అడిగేవారు. ఎన్నడూ నోరు విప్పని పిల్లలు కూడా లేచి వాదించేవారు. ఆ ప్రశ్న ఏ పుస్తకంలోదో మాత్రం ఆయన చెప్పేవారు కాదు. నవలలు చదివే మాస్టారని ఊళ్లో పేరు పడుతుందని భయం.

ఆ మొహమాటమే ఈ పుస్తకాలకు శాపమైంది. కలపగుజ్జులోని లిగ్నిన్ వల్ల గాలీ వెలుతురూ తగిలి కాగితం పసుపు రంగుకు తిరుగుతుంది. ఆమ్లం దాన్ని పెళుసు చేస్తుంది. వేలు తగిలితే అంచులు రాలిపోతాయి. దానికి తోడు, ఇష్టంగా చదివినవాళ్లే పాత పేపర్లతో కలిపి తూకానికి వేశారు. చాటుగా చదివిన పుస్తకాన్ని ‘ఇది నాకు నచ్చింది, నువ్వూ చదువు’ అని పిల్లల చేతికి ఎవరిస్తారు?

పుస్తకం బతకాలంటే మంచి కాగితం ఒక్కటే చాలదు. ‘నేను చదివాను’ అని గట్టిగా చెప్పేవాళ్లూ ఉండాలి.