అంగారకునిపై మూగవోయిన బండి

2004వ సంవత్సరము జనవరి 4వ తేదీన ‘స్పిరిట్’ అను ఆరు చక్రముల బండి అంగారక గ్రహముపై గూసెవ్ అను విశాలమైన బిలమున దిగెను. దానియందు మనుష్యుడు లేడు. కన్నులవంటి కెమెరాలు, చేయివంటి యంత్రము, వీనినన్నిటిని నడపు చిన్న కంప్యూటరు మాత్రము కలవు. అమెరికాలోని పాసడీనా నగరమునుండి జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఇంజనీర్లు దానికి ప్రతిదినము ఆజ్ఞలు పంపుచుండిరి. ఒక ఆజ్ఞ అచ్చటికి చేరుటకు సుమారు పది నిమిషములు పట్టుచుండెను.

జనవరి 21వ తేదీన బండి పలుకుట మానెను. ఆ సమయమున సందేశములను పంపు ఆస్ట్రేలియా కేంద్రమువద్ద ఉరుములతో వాన కురియుచుండెను. దోషము వానదే యని మొదట తలచిరి. కంటికి కనబడిన కారణమును పట్టుకొనుట ఎవరికైనను సహజమే. కాని వాన వెలిసిన పిమ్మటను బండి సరిగా బదులు పలుకలేదు.

జనవరి 23న సెకనుకు 10 బిట్ల చొప్పున కొంత సమాచారము వచ్చెను. ఒక్క తెలుగు అక్షరమును పంపుటకే ఒకటి రెండు సెకనులు పట్టునంతటి మందగమనమది! అయినను అందువలన ఒక వింత బయటపడెను. కంప్యూటరు తనంతట తాను ఆగి, మరల మొదలగుచుండెను. అప్పటికి 60 సార్లకు పైగా అట్లు జరిగెను. రాత్రివేళ నిద్రించి విద్యుత్తును పొదుపు చేయవలసిన బండి నిద్రించుటయే లేదు. బ్యాటరీలు క్షీణించుచుండెను, యంత్రము వేడెక్కుచుండెను. మరికొన్ని దినములు ఇట్లే సాగినచో బండి దక్కదు.

ఇంజనీర్ల అనుమానము ఫ్లాష్ జ్ఞాపకశాలపై పడెను. విద్యుత్తు లేకున్నను చెరగని 256 మెగాబైట్ల భాండారమది. అందలి ఫైళ్ల పేర్లన్నియు ఒక పట్టికలో నుండును. కంప్యూటరు మేల్కొనినప్పుడెల్ల ఆ పట్టికను తన పని జ్ఞాపకములోనికి ఎత్తుకొనవలెను. ప్రయాణకాలమునుండి పోగుపడిన ఫైళ్లవలన పట్టిక పెరిగి, దానికి కేటాయించిన చోటు చాలకపోయెను. కరణముగారి చిట్టాలో ఒక పద్దును కొట్టివేసినను ఆ పంక్తి కాగితముపై నిలిచియే యుండును గదా! ఇచ్చటను అంతే, ఫైలును తీసివేసినను పట్టిక తరుగదు. చోటు చాలక పని చెడును. చెడినందున కంప్యూటరు మరల మొదలగును. మొదలుకాగానే ఆ పట్టికనే మరల ఎత్తుకొనబోవును. భూమిపై జరిపిన పరీక్షలు ఇంత దీర్ఘకాలము సాగలేదు గనుక ఈ లోపము అప్పుడు బయటపడలేదు.

జనవరి 24న వారు ఒక ఆజ్ఞ పంపిరి: ఫ్లాష్ జోలికి పోక, పని జ్ఞాపకముతోనే మేల్కొనవలెనని. బండి మేల్కొని, నిలకడగా మాటలాడెను. అనుమానము నిజమయ్యెను.

అంతట ఫ్లాష్‌ను తుడిచివేయుట సులభమే. కాని తుడిచినచో వ్యాధితోపాటు దాని జాడయు చెరగిపోవును. అందుచే ముందు దోషమును పరిశీలించి, అక్కరలేని ఫైళ్లను తొలగించి, ముఖ్యమైన సమాచారమును భూమికి రప్పించుకొనిరి. ఫిబ్రవరి మొదటి వారమునగాని దానిని పూర్తిగా తుడిచి క్రొత్త పట్టిక వ్రాయింపలేదు. ఈ నడుమ, జనవరి 25న, అదే కార్యక్రమముతో నడచు ‘ఆపర్చ్యూనిటీ’ అను జంట బండియు అంగారకునిపై మరియొక వైపున దిగియుండెను. తెలిసిన కారణము దానికిని రక్షయయ్యెను.

స్పిరిట్ తన యెదుటనున్న ‘అడిరాండాక్’ అను రాతిని ఆ ఫిబ్రవరిలోనే తొలిచి చూపెను. 90 అంగారక దినములకై పంపబడిన ఆ బండి 2010 మార్చి 22 వరకు భూమికి కబురులు పంపెను.