మోకాలెత్తు అలలకి ఓ బోర్డు

శనివారం పొద్దున్న ఆరున్నరకి లా హోయా షోర్స్ బీచ్‌లో, చంకలో పసుపుపచ్చ సర్ఫ్‌బోర్డు ఇరికించుకుని నిలబడ్డాను. పక్కన పదకొండో క్లాసు చదివే మా అమ్మాయి. "అమ్మా, స్టింగ్‌రేలుంటాయి. అడుగులెత్తకు, ఈడుస్తూ నడువు" అంది. ఇసుకలో దాక్కున్న ఆ చేపల మీద కాలు పడితే తోకముల్లు గుచ్చేస్తాయి. అందుకని ఇక్కడ ఎంత మొనగాడైనా, కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడుతున్న పెళ్ళికూతురిలాగే నీళ్ళలోకి దిగుతాడు.

నవ్వకండి, రెండేళ్ళుగా నేర్చుకుంటున్నాను. పిల్లని క్లాసుకి దింపి ఒడ్డున కూర్చుని కూర్చుని విసుగొచ్చి, ఓ రోజు నేనూ దిగాను. ఎనిమిదడుగుల మెత్తటి ఫోమ్ బోర్డు మీద పడుతూ లేస్తూ నిలబడడం వచ్చింది. కానీ అది ఎక్కితే తిన్నగా ఒడ్డుకే. పక్కకి తిరగమంటే మొండికేసిన గేదెలా కదలదు.

అందుకే ఈ కొత్త బోర్డు. దీన్ని ఫిష్ అంటారు, తోక చేప తోకలా రెండుగా చీలి ఉంటుంది. పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే. 1967లో స్టీవ్ లిస్ అనే ఇక్కడి కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని అలలు ఎక్కడానికి చేసుకున్నాడట. తర్వాత నిలబడేవాళ్ళకీ నచ్చేసింది. నేను తెచ్చింది ఆరడుగుల ఆరంగుళాలు, వెడల్పు ఇరవై ఒకటిన్నర అంగుళాలు, 43 లీటర్లు. లీటర్లేమిటని నేనూ అడిగాను. బోర్డు ఎంత చోటు ఆక్రమిస్తుందో ఆ లెక్క. అంటే నీళ్ళ క్యాన్లు రెండింటికి కాస్త పైన. నా పాత బోర్డులో సగమే.

చిన్న అలలో బలం ఉండదు కదా, దాని మీద జారాలంటే బోర్డు అడుగు చదునుగా ఉండాలి. ముక్కు బాగా పైకి వంగి ఉంటే నీళ్ళని తోసుకుంటూ ఆగిపోతుంది. వెడల్పు, చదును ఉంటే మోకాలెత్తు అల మీద కూడా జారుతుంది. ఇదంతా షాపతను చెప్పాడు. అద్దె కట్టి ఒకరోజు వాడి చూడండి, కొంటే ఆ డబ్బు ధరలో తగ్గిస్తానన్నాడు. ధర విని మావారు ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారంతే.

మొదటి అలకే ముక్కు నీళ్ళలోకి దూరింది, నేను తలకిందులయ్యాను. పాత బోర్డు మీద పడుకునే చోటే పడుకోవడం నా తప్పు. నీళ్ళ కింద ఉన్నది రెండు మూడు సెకన్లే అయినా, నాకు వైజాగ్ గుర్తొచ్చింది. ఆర్కే బీచ్‌లో అమ్మ తన చీర కొంగు నా మణికట్టుకి ముడేసి పట్టుకునేది. పాదాలు తడిస్తే చాలు, వెనక్కి లాగేసేది. తన చిన్నప్పుడు పక్కింటి అబ్బాయి పండగ స్నానానికెళ్ళి తిరిగి రాలేదు. అందుకే, సముద్రం పక్కన పద్దెనిమిదేళ్ళు పెరిగినా నాకు మోకాలి లోతు తెలియదు. సర్ఫింగ్ సంగతి అమ్మకి ఈ రెండేళ్ళలో చెప్పనేలేదు.

పైకి తేలేసరికి కాలికి కట్టిన తాడు బోర్డుని నా దగ్గరే ఉంచింది. "రెండంగుళాలు వెనక్కి పడుకో. లేచేటప్పుడు కిందకి కాదు, వెళ్ళాల్సిన వైపు చూడు" అని అరిచింది మా అమ్మాయి.

నిజం చెప్పాలంటే, అల దొరకబుచ్చుకోవడం పాత బోర్డుతోనే తేలిక. దీనికి చేతులు రెండింతలు ఆడించాలి, లేవడంలో అర క్షణం ఆలస్యమైనా పడేస్తుంది. పద్నాలుగు సార్లు ప్రయత్నిస్తే దొరికినవి నాలుగు. మూడింటికి పడ్డాను. నాలుగోది మోకాలికీ నడుముకీ మధ్యన ఉంటుందేమో. లేచాను, కుడివైపు చూశాను, బోర్డు కుడివైపు తిరిగింది! అల నా పక్కనే గోడలా నడుస్తోంది. మధ్యలో నీరసించి ఆగిపోతుందనుకున్న చోట కూడా ఇది ఆగకుండా జారింది. పది సెకన్లుంటుందేమో. ఒడ్డుకి కాదు, ఒడ్డు వెంబడి వెళ్ళాను.

బోర్డు కొనేశాం.

ఆ రాత్రి ఎనిమిదింటికి, అంటే వైజాగ్‌లో ఉదయం ఎనిమిదిన్నరకి, అమ్మకి వీడియో కాల్ చేశాను. నా వెనక గోడకి ఆనించిన బోర్డు కనబడింది.

"అదేటే, ఇస్త్రీ బల్లా?"

మా అమ్మాయిదని చెప్పడానికి నోరు తెరిచి కూడా చెప్పలేకపోయాను. "నాదేనమ్మా. సముద్రంలో అలల మీద ఎక్కుతున్నాను. రెండేళ్ళయింది."

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. వెనక కుక్కర్ విజిల్ వినబడింది. స్టవ్ కట్టేసి వచ్చింది.

"ఎంత లోతు?"

"ఛాతీ దాకా. ఒక్కదాన్నే వెళ్ళను, లైఫ్‌గార్డులు ఉంటారు."

"ఆ తోకకి వేలాడుతున్న తాడేటి?"

"కాలికి కట్టుకుంటాం. పడిపోతే బోర్డు కొట్టుకుపోకుండా."

అమ్మ ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని తాడుని పరీక్షగా చూసింది.

"సన్నంగా ఉంది కదే. గట్టిదేనా? ముడి రెండుసార్లు వెయ్యి" అంది.

అది వెల్క్రో పట్టీ, ముడి ఉండదు. అయినా, "అలాగేనమ్మా" అన్నాను.